పెండ్లి ప్రకటనకు ముందే

పదవ తరగతి పరీక్షలు అయిపోయి మామిడిపండ్లు మొదలయ్యే రోజుల్లో మన కోనసీమ ఇండ్లలో ఒక మాట వినబడుతూ ఉంటుంది. "పిల్ల ఎదిగింది. సంబంధం వచ్చింది. వాళ్ళమ్మ సెలవు మీద వచ్చినప్పుడే ఆ శుభకార్యం కాస్తా జరిపించేస్తే నా బాధ్యత తీరిపోతుంది." ఈ మాట అనేది అమ్మమ్మ. తల్లి కువైటులోనో మస్కటులోనో ఎవరి ఇంట్లోనో పని చేస్తూ ఉంటుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఇలాంటి కుటుంబాలను మనమందరము ఎరుగుదుము.

ఆ అమ్మమ్మను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆమె భయము ఉత్త భయము కాదు. కాలేజీ బస్సు చీకటి పడ్డాక దిగుతుంది. పిల్ల చేతిలో సెల్‌ఫోను ఉంది. జరగరానిది జరిగితే దూరదేశంలో ఉన్న కూతురికి ఏమని చెప్పుకోవాలి? పెండ్లి చేస్తే ఆ దిగులు తీరుతుందనుకుంటుంది. కాని ఏడాది తిరక్కుండానే పదహారేండ్ల మనుమరాలు ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణీల వరుసలో కూర్చుంటుంది. ఇంకా ఎదుగుతున్న శరీరము అది. రక్తహీనత, బి.పి. పెరిగి ఫిట్స్ రావడము, నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ... ఇవన్నీ ఆ వయస్సులో ఎక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రంలో 20 నుండి 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెండ్లి అయింది. 15 నుండి 19 ఏండ్ల ఆడపిల్లలలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. దేశము మొత్తము మీద ఈ లెక్క ఏడు కూడా లేదు.

సంఘాలలో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదివే మంచి ఆచారము మనకున్నది. వయస్సు ధ్రువపత్రము అడిగే పాస్టరుగారు అడుగుతారు. అడగాలి కూడా, 2006 నాటి చట్టము ప్రకారము అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా పెండ్లి జరిపించినవారికి రెండేండ్ల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. అయితే ఆ ఆదివారము వచ్చేసరికి శుభలేఖలు అచ్చయిపోయి ఉంటాయి. కాదన్న పాస్టరుగారు చెడ్డవారవుతారు, పెండ్లి మరో ఊళ్ళో జరిగిపోతుంది.

కాబట్టి పని అంతకుముందే మొదలు కావాలి. 1990వ దశకంలో అమెరికాలోని శాన్ డియాగో నగరంలో, స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాల పేటలో ఇదే చిక్కు వచ్చింది. అక్కడ ఆ వీధుల్లో ఉండేవారికే శిక్షణ ఇచ్చారు. వారు ఇరుగుపొరుగు తల్లిదండ్రులను కూర్చోబెట్టి, శరీరము గురించి, ఆకర్షణల గురించి పిల్లలతో ఎలా మాట్లాడాలో నేర్పించారు. మన స్త్రీల సమాజానికి ఇది చేతకాని పనా? నెలసరి గురించి గుడిలో ఎలా మాట్లాడతామని కొందరు పెద్దలు ముఖము చిట్లిస్తారు. మనము చెప్పకపోతే సెల్‌ఫోను చెబుతుంది. మగపిల్లలకు కూడా చెప్పాలి సుమా! నిందంతా ఆడపిల్ల మీద వేసి వాడిని యౌవనస్థుల కూటములో పాటలు పాడించడము న్యాయము కాదు.

ఇప్పటికే గర్భవతియైన పిల్ల ఉంటే ఆమెను క్వయిరు నుండి, బడి నుండి తప్పించడము మందు కాదు. ఆశా కార్యకర్త దగ్గరకు తీసుకొనివెళ్ళి పేరు వ్రాయించండి. బలవంతపు పెండ్లి జరగబోతున్నదని తెలిస్తే 1098కి ఫోను చేయండి, డబ్బులు పడవు.

తిమోతి విశ్వాసమునకు మొదలు అతని అవ్వ లోయి అని పౌలు జ్ఞాపకము చేసుకున్నాడు. మన అమ్మమ్మలు కూడా అలాంటివారే. వారికి కావలసింది తోడు. సాయంత్రము బస్సు దగ్గరకు ఎదురువెళ్ళడానికి సంఘములో ఇద్దరు స్త్రీలు వంతులు వేసుకోవచ్చును. పదవ తరగతి ఫలితాలు వచ్చిన రోజున, సంబంధము చూసే పెద్దమనిషి కంటె ముందుగా, ఇంటర్ దరఖాస్తు చేత పట్టుకొని ఆ ఇంటి గడప తొక్కవచ్చును.