మా పల్లపు చేను ఎందుకు మాడింది?



చలికాలం వచ్చేసింది. తెల్లవారుజామున స్టడీ గంట కొడితే దుప్పటి వదలడానికి ఎవరికీ మనసు రావడం లేదు. పంపు కింద తల పెట్టాలంటే భయం. లంబసింగిలో ఈ రోజు ఎన్ని డిగ్రీలు పడిందో పేపర్లో చూసి మనవాళ్లు పందేలు కూడా వేసుకుంటున్నారు. మనకి చలి వేస్తే దుప్పటి ఉంది, వంటగదిలో పొయ్యి ఉంది. మరి చేలో ఉన్న మొక్కకి ఏముంది? అది లేచి పొయ్యి దగ్గరకి రాలేదు కదా! అందుకే ఈసారి గోడపత్రికలో చలికీ పంటలకీ ఉన్న సంబంధం గురించి రాస్తున్నాను. ఇందులో మా ఇంటి సంగతి ఒకటి ఉంది. ఇంతవరకు మీలో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు జరిగింది

నేను ఏడో తరగతిలో ఉండగా సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లాను. మాకు రెండు చేలు ఉన్నాయి. ఒకటి కొండవాలు మీద ఉన్న మెరక చేను. రెండోది కింద గెడ్డ ఒడ్డున ఉన్న పల్లపు చేను. ఆ ఏడు రెండింటిలోనూ రాజ్మా వేశారు. వానల మూలంగా విత్తడం ఆలస్యమైంది. నేను వెళ్లేసరికి కాయ కట్టింది గాని గింజ ముదరలేదు. విత్తనాలు షావుకారు దగ్గర బాకీకి తెచ్చినవి.

ఒక రోజు మా అయ్య సంతకి వెళ్తూ, "గెడ్డ నీళ్లు కట్టి పల్లపు చేను తడిపీరా. సగంలో వదిలీకు" అన్నాడు. నేను ఆటల్లో పడి పొద్దు వాలేక వెళ్లాను. నీళ్లలో కాలు పెడితే కొరికేసినట్టు ఉంది. సగం చేను పారేసరికి ఇంక నా వల్ల కాలేదు. మడవ కట్టేసి ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను. రాత్రి అయ్య అడిగితే "తడిపేను" అన్నాను.

ఆ రాత్రి గాలి లేదు, మబ్బు లేదు. ఆకాశం నిండా చుక్కలే. తెల్లారి లేచి చూస్తే పల్లంలో గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. ఎండ వచ్చేక రాజ్మా ఆకులు ఉడకబెట్టిన ఆకుకూరలాగ వాలిపోయాయి. మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. మెరక చేనులో మాత్రం కొసలు మాడాయి, అంతే. పల్లంలో ఆరు బస్తాలు వస్తాయనుకుంటే చివరికి బస్తాన్నర వచ్చింది. షావుకారు బాకీ ఆ ఏడు తీరలేదు.

అయ్య నన్ను ఒక్క మాట అనలేదు. చేనంతా తిరిగి చూసి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అప్పటినుంచి నాకు ఒకటే ప్రశ్న. చేను చలికి పోయిందా, నా బద్ధకానికి పోయిందా?

ఈ సంవత్సరం సైన్సు మాస్టారు ఉష్ణం పాఠం చెబుతుంటే ధైర్యం చేసి అడిగాను. ఆయన చెప్పిందీ, లైబ్రరీలో చదివిందీ, మేం హాస్టల్ తోటలో కొలిచి చూసిందీ కలిపి కింద రాస్తున్నాను.

చలి ఎక్కడినుంచి వస్తుంది?

చలి ఎక్కడినుంచో వచ్చే వస్తువు కాదు. వేడి పోవడమే చలి. పగలు నేల ఎండని తాగుతుంది. రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదులుతుంది. మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత తిరిగి కిందకి వస్తుంది. అంటే మబ్బు నేలకి దుప్పటి. మబ్బు లేని రాత్రి నేల దుప్పటి లేకుండా పడుకున్నట్టే. గాలి వీస్తే పైన ఉన్న వెచ్చటి గాలి, కింద ఉన్న చల్లటి గాలి కలుస్తాయి. గాలి కూడా ఆగిపోతే చలి నేలనంటుకుని ఉండిపోతుంది.

కాబట్టి దట్టంగా పొగమంచు పట్టిన రాత్రి కన్నా, చుక్కలు బాగా మెరిసే నిశ్శబ్దమైన రాత్రే పంటకి ఎక్కువ ప్రమాదం. పొగమంచు చూసి మనం భయపడతాం గాని, అది కూడా నేలకి ఒక పల్చటి దుప్పటే. అయితే ఆకులు రోజుల తరబడి తడిగా ఉంటే తెగుళ్లు పడతాయి. అది వేరే బాధ.

మన అల్లూరి సీతారామరాజు జిల్లా, అంటే 2022కి ముందు మనం విశాఖ ఏజెన్సీ అన్నది, ఎత్తు మీద ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. అందుకే నర్సీపట్నంలో చొక్కాతో బస్సెక్కినవాడు ఘాటీ ఎక్కేసరికి స్వెటర్ వెతుక్కుంటాడు.

ఎత్తు పెరిగితే చలి పెరగాలి కదా! మరి మా మెరక చేను బతికి, పల్లపు చేను ఎందుకు పోయింది?

చల్లటి గాలి నీళ్లలాంటిది

జవాబు ఇది. చల్లటి గాలి వెచ్చటి గాలి కన్నా బరువు. గాలి వీచని రాత్రి అది నీళ్లలాగే వాలు వెంట కిందకి జారి పల్లంలో నిలుస్తుంది. గెడ్డ ఒడ్డు, కొండల మధ్య గిన్నెలాంటి చోటు, ఎత్తయిన గట్టు లేక కంచె అడ్డున్న చోటు చలికి చెరువులాంటివి. ఊరంతటికీ చలి ఒక్కటే అయినా, ఒకే రైతు రెండు చేలలో చలి ఒక్కటి కాదు.

దీన్ని మేం పరీక్షించి చూశాం. మాస్టారు లేబులోంచి రెండు థర్మామీటర్లు ఇచ్చారు. తెల్లవారకముందు వరండాలో కట్టినది 9 డిగ్రీలు చూపించింది. తోట చివర పల్లంలో గడ్డి మీద పెట్టినది 4 డిగ్రీలు చూపించింది. మధ్య దూరం ఎంతో లేదు!

ఇంకొక సంగతి. చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలాంటి చోట్ల థర్మామీటరుని తెల్లటి చెక్కపెట్టెలో, నేలకి నాలుగడుగుల పైన ఉంచి గాలి చలిని కొలుస్తారు. చుక్కల రాత్రి నేల మీది ఆకు ఆ గాలి కన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చల్లబడవచ్చు. అందుకే పేపర్లో 3 డిగ్రీలు అని వేసినా గడ్డి మీద మంచు గడ్డకట్టి కనబడుతుంది. పేపరు అబద్ధం రాయలేదు. మొక్క ఉన్న చోటు వేరు, అంతే.

మంచు ఎలా "కాలుస్తుంది"?

మన పెద్దవాళ్లు "మంచు కాల్చేసింది" అంటారు. నిప్పు లేకుండా కాలడమేమిటని నేను నవ్వేవాణ్ణి. ఆకులో ఉండే కణాల్లో చాలావరకు నీరే. చలి సున్నా కన్నా కిందకి పోయినప్పుడు ముందు కణాల మధ్య ఖాళీల్లో మంచు పలుకులు కడతాయి. అవి కణంలోని నీటిని బయటకి లాగేస్తాయి. కణం ఎండిపోతుంది, దాని పొర పాడవుతుంది. ఎండ వచ్చి మంచు కరిగేక ఆ నీటిని పట్టి ఉంచే పొర లేదు. రసం కారిపోయి ఆకు నల్లబడుతుంది. నిప్పు కాల్చినా జరిగేది ఇంచుమించు అదే, నీరు పోవడం. పెద్దవాళ్ల మాట తప్పు కాదు.

అందరికీ చలి శత్రువు కాదు

చలి ఒక పంటకి చెరుపు, ఇంకొక పంటకి మేలు. మన పంటల్ని ఒక్కొక్కటీ చూద్దాం.

రాజ్మా: దీనికి చల్లటి వాతావరణం కావాలి. అందుకే మైదానంలో కన్నా మన దగ్గర బాగా పండుతుంది. కాని మంచు గడ్డకడితే తట్టుకోలేదు. చలి ముదిరే లోపల గింజ ముదరాలి. ఆలస్యంగా విత్తితే పూత, కాయ సరిగ్గా గడ్డు చలికి దొరికిపోతాయి. మాకు జరిగింది అదే.

టమాటా: రాత్రిళ్లు పది డిగ్రీలకి తగ్గితే పుప్పొడి సరిగ్గా పనిచెయ్యదు. పూత రాలుతుంది. ఉన్న కాయకి ఎరుపు పట్టదు. మన తోటలో కాయలు నెలరోజులుగా పచ్చిగానే ఉన్నాయని వంటమనిషి గారు విసుక్కుంటున్నారు. తప్పు మొక్కది కాదు.

క్యాబేజీ, బఠాణీ, క్యారెట్: ఇవి చలికి గట్టివి. చలి నెమ్మదిగా పెరిగితే తమలో ఉన్న పిండిపదార్థాన్ని కొంత చక్కెరగా మార్చుకుంటాయి. చక్కెర కలిసిన నీరు మామూలు నీరంత తొందరగా గడ్డకట్టదు. మొక్క తనని కాపాడుకోడానికి చేసే ఆ పని మనకి తీపి అవుతుంది. జనవరి క్యాబేజీ రుచి అందుకే వేరు.

కమలా: నారింజ జాతి కాయల్లో తొక్కకి పసుపు రంగు రావడానికి చల్లటి రాత్రులు కావాలి. చలికి తొక్కలోని పచ్చటి పదార్థం విరిగిపోయి, లోపల ఉన్న పసుపు బయటపడుతుంది. వెచ్చటి చోట కాయ లోపల పండినా పైకి పచ్చగానే ఉంటుంది. మైదానంలో పచ్చటి బత్తాయి కూడా తియ్యగా ఉండటం మీరు చూసే ఉంటారు. చలికి కమలా చెట్టు కొత్త చిగురు ఆపి విశ్రాంతి తీసుకుంటుంది. ఆ విశ్రాంతి తరవాతే పూత బాగా వస్తుంది. అయితే సున్నా కన్నా రెండు మూడు డిగ్రీలు కిందకి పోయి కొన్ని గంటలు ఉంటే కాయలో రసం గడ్డకట్టి, తరవాత తొనలు ఎండిపోతాయి. పైకి కాయ బాగానే కనబడుతుంది, వలిస్తే పిప్పి.

వలిసెలు: అరకు వైపు పసుపు తివాచీలాగ కనిపించే పంట. ఈ పువ్వుకి వేరే మొక్క పుప్పొడి తగిలితేనే గింజ కడుతుంది. ఆ పని తేనెటీగలు చేస్తాయి. బాగా చలిగా ఉన్న పొద్దున్న తేనెటీగ ఎగరలేదు. ఎండ పొడిచేదాకా పువ్వు ఎదురు చూడాల్సిందే. పొద్దున్నే పూల మీద మందు కొడితే, ఆలస్యంగా వచ్చిన తేనెటీగలు చస్తాయి. గింజ కూడా పోతుంది.

కాఫీ: కాఫీ మంచుని అసలు ఓర్వలేదు. 1975 జూలైలో బ్రెజిల్ దేశంలోని పరానా రాష్ట్రంలో పెద్ద మంచు పడి కాఫీ తోటలు నాశనమయ్యాయి. ప్రపంచమంతా కాఫీ ధర పెరిగింది. మన దగ్గర కాఫీ మొక్కలు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఉంటాయి. ఆ కొమ్మలు పగలు గొడుగు, రాత్రి దుప్పటి. నీడ చెట్లు నరికితే కాఫీకి ఆ దుప్పటి పోయినట్టే.

మనం ఏం చెయ్యగలం?

1. చలి ఓర్వని పంటని మెరకలో, ఓర్చే పంటని పల్లంలో వెయ్యాలి. దీనికి ఖర్చు లేదు.

2. రాజ్మా సకాలంలో విత్తాలి.

3. మంచు పడేలా ఉన్న రోజు నేల తడపాలి. పొడి నేలలో గాలి ఖాళీలు ఎక్కువ, వేడి దాచుకోలేదు. తడి నేల దాచుకుంటుంది. పైగా ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల వేడి వదులుతుంది. కాని నీళ్లు పొద్దు ఉండగానే పెట్టాలి. అప్పుడు తడిసిన నేల ఎండని కూడా తాగుతుంది. ఇంత చేసినా లాభం ఒకటి రెండు డిగ్రీలే.

4. నారుమడిని సాయంత్రం గడ్డితోనో పాత గోనెసంచులతోనో కప్పి, ఎండ రాగానే తియ్యాలి.

5. మంట వేస్తే ఒక్క పెద్ద మంట కన్నా చాలా చిన్న మంటలు మంచివి. పొగ వల్ల లాభం తక్కువ, వేడి వల్లే లాభం.

వార్డెన్ గారికి మా విన్నపం ఒకటి. హాస్టల్ తోటలో టమాటా, వంగ నారు కింద గోడవారన పల్లంలో ఉంది. మేం కొలిచినప్పుడు 4 డిగ్రీలు చూపించింది అక్కడే. స్టోరులో ఉన్న ఖాళీ బియ్యం సంచులు ఇప్పిస్తే రోజుకి నలుగురు చొప్పున మేమే కప్పుతాం, మేమే తీస్తాం. వచ్చే ఏడాది ఆ చోట క్యాబేజీ వేసి, నారుమడి పంపు దగ్గర మెరక మీదకి మారుద్దాం.

చివరి మాట

ఇప్పుడు నా ప్రశ్నకి జవాబు. మెరక చేనుకి ఆ రోజు ఒక్క చుక్క నీరు పెట్టలేదు, అయినా బతికింది. పల్లపు చేనులో నేను తడిపిన సగం కూడా మాడింది. కాబట్టి చేనుని ముఖ్యంగా కాల్చింది పల్లమూ, ఆలస్యమైన విత్తూ. కాని ఆ వచ్చిన బస్తాన్నర కూడా తడిసిన సగంలోంచే వచ్చింది. అక్కడ నేలకి దగ్గరగా ఉన్న కాయలు దక్కాయి. అంటే నేను పొద్దు ఉండగా వెళ్లి మొత్తం తడిపి ఉంటే ఇంకొక బస్తాన్నర వచ్చేదేమో. ఆ మేరకి తప్పు నాదే.

దసరా సెలవుల్లో ఇదంతా అయ్యకి చెప్పేశాను. సగమే తడిపేనని కూడా చెప్పాను. అయ్య నవ్వి, "అది నాకు తెల్దేటిరా? తెల్లారి చేలోకి దిగితే సగం తడి, సగం పొడి. నాకు కళ్లు లేవేటి?" అన్నాడు.

"మరి తిట్టలేదేం?" అన్నాను.

"తడిసిన సగమూ మాడింది గదరా. నిన్ను తిడితే మంచు ఊరుకుంటాదా?" అన్నాడు. కాస్సేపు ఆగి, "అబద్ధం ఆడినందుకు తిట్టాల. అది నువ్వే చెప్తావని ఊరుకున్నాను" అన్నాడు.

ఈ ఏడు మా రాజ్మా ముందుగానే మెరక చేలో విత్తారు. పల్లంలో క్యాబేజీ ఉంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు నీళ్లు కట్టే పని నాదే. పొద్దు ఉండగానే వెళ్తాను.

మిత్రులారా, మీ ఊళ్లో ఏ చేను ముందు మాడుతుందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రండి. సెలవుల తరవాత అన్నీ కలిపి ఈ గోడ మీదే ఒక పటం గీద్దాం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి