రాబడి నిలుకడలేని రైతు భూమి తనఖాపై ఋణము పొందు విధము

నెలజీతగానికి రాబడి నెలనెలకు వచ్చును. రైతుకు ఫసలు ఇల్లు చేరినగాని రాబడి లేదు; ఆ ఫసలైనను వానకును, పురుగునకును, ధరకును లోబడినది. కావున బ్యాంకువారు “ఏటికెంత మిగులును?” అని యడిగినప్పుడు పెక్కురు రైతులు బదులు చెప్పలేక సావుకారు నాశ్రయించి, తుదకు భూమిని పోగొట్టుకొనుచున్నారు. రాబడి హెచ్చుతగ్గులుగా నున్నను, దానిని లెక్కగా చూపగల రైతునకు ఋణము దొరకును.

1. తనఖా ఎప్పుడు వలయును?

విత్తనము, ఎరువు, కూలి మొదలగు వానికి పైరు ఋణము చాలును. 1998లో ఏర్పడిన కిసాన్ క్రెడిట్ కార్డు ఇందులకే. దీని పరిమితి పైరునుబట్టియు విస్తీర్ణమునుబట్టియు నిర్ణయమగును. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారము 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయలవరకు వ్యవసాయ ఋణమునకు భూమిని హామీగా కోరరాదు. బావి, ట్రాక్టరు, భూమి బాగుచేత మొదలగు పెద్ద పనులకు పలు సంవత్సరముల ఋణము కావలసినప్పుడే తనఖా మాట వచ్చును.

2. ఎంత ఋణము మోయగలరు?

మూడేండ్ల జమాఖర్చు వ్రాయుడు. ఉదాహరణకు, సేద్యపు ఖర్చులు పోగా ఒక రైతునకు మంచియేట 1,80,000, నడిమియేట 1,20,000, చెడుయేట 60,000 రూపాయలు మిగిలెననుకొనుడు. ఇంటిఖర్చు ఏటికి 80,000. అప్పుడు మొదటియేట 1,00,000, రెండవయేట 40,000 మిగులును. మూడవయేట 20,000 తక్కువపడును. సగటు మిగులు 40,000. అంతయు వాయిదాగా నొప్పుకొన్నచో చేతిలో నేమియు నిలువదు. చెడుయేడు ముందు వచ్చినచో మొదటి వాయిదాయే తప్పును. 25,000 వాయిదాకు ఒప్పుకొన్నచో, మంచియేట మిగిలిన 75,000లో 45,000 దాచియుంచిన చెడుయేడు గడచును.

3. ఏయే కాగితములు చూపవలయును?

పట్టాదారు పాసుపుస్తకము, పహాణీ, రిజిస్ట్రేషను కార్యాలయమువారి ఋణభార ధ్రువపత్రము సిద్ధపరచుకొనుడు. రాబడికి సాక్ష్యముగా మార్కెటు యార్డు తక్‌పట్టీలు, పాల సంఘముల చెల్లింపు పుస్తకము, బ్యాంకు ఖాతా పుస్తకము మూడేండ్లవి చేర్చుడు. పంట సొమ్ము ఖాతాలో పడిన మేలు; చేతి రొక్కమునకు సాక్ష్యము దొరకదు. భూమి ఇంకను తండ్రి పేరనే యున్నచో ముందుగా విరాసత్ చేయించుకొనవలయును.

4. వాయిదా ఎప్పుడు?

నెలవాయిదాకు ఒప్పుకొనక, ఫసలు అమ్ముడైన పిమ్మట ఏటికొకటి లేక రెండు వాయిదాలు కోరుడు. వానకాలపు వరి, పత్తి వేయువారికి సంక్రాంతి దాటిన గడువును, యాసంగి వరి వేయువారికి వేసవి గడువును అనుకూలము. పైరు చెడినచో గడువు దాటువరకు ఊరకుండక వెంటనే బ్యాంకునకు వ్రాతమూలముగా తెలిపి, గడువు మార్పు కోరి, ఆ దరఖాస్తునకు రసీదు తీసికొనుడు.

5. ఒక హెచ్చరిక

కొందరు సావుకార్లు “ఇది తనఖాయే, సొమ్ము కట్టగానే భూమి తిరిగి యిత్తును” అని నోటిమాట చెప్పి విక్రయపత్రము వ్రాయించుకొందురు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, తిరిగి యిచ్చు షరతు అదే పత్రములో లేనిచో అట్టి వ్యవహారము తనఖాగా నెంచబడదు. కావున పత్రమును ఆమూలాగ్రముగా చదివించి విని, పిదపనే సంతకమో వ్రేలిముద్రయో వేయుడు. అప్పు తీరిన దినముననే దస్తావేజులను తిరిగి తీసికొని, బ్యాంకు హక్కు రద్దయినట్లు రికార్డులో నమోదు చేయించుడు.

తనఖా పెట్టిన భూమి మరల మీ చేతికి వచ్చుట చెడుయేట మీరు కట్టగలిగిన వాయిదాపై నాధారపడియున్నది. బ్యాంకునకు పోవుటకు ముందే ఆ అంకెను మీరే నిర్ణయించుకొనుడు.