గొడ్లచావిడి విప్పిన వేళ

గోదావరి డెల్టా పల్లెలలో పాకను ‘విప్పినా’రంటారు, మేడను ‘కూల్చినా’రంటారు. ఈ రెండు మాటలకు గల భేదం పనిలోనే ఉన్నది. విప్పినది మరియొకచోట మరల నిలువగలదు; కూల్చినది పల్లపు నేల పూడ్చటానికి తప్ప మరెందుకూ కొరగాదు. పూర్వం గొడ్లచావిడి ఏనాడూ కూల్చబడలేదు. కట్టినవానికే అది ఎప్పుడో ఒకనాడు విప్పవలసినదని తెలుసును.

నేడు విప్పవలసిన చావిళ్లు ఊరూరా ఉన్నవి. 2019లో జరిగిన ఇరువదవ పశుగణనలో దేశం మొత్తంమీద ఆవుజాతి పశువులు 19 కోట్ల 25 లక్షలని తేలినది. వానిలో ఆడవి 14 కోట్ల 51 లక్షలు. అనగా ఎడ్లు, గిత్తలు, కోడెదూడలు అన్నీ కలిసినా ఐదుకోట్లు లేవు. 2012 నాటి లెక్కతో పోల్చి చూస్తే ఏడేండ్లలో మగపశువులు నూటికి ముప్పైవంతున తరిగిపోయినవి. ట్రాక్టరు వచ్చిన తరువాత కాడికి పని లేదు. కాడికి పని లేకపోతే చావిడికి మాత్రం పనేమున్నది? చాలాచోట్ల అది మోటారుసైకిలుకు, ఎరువుల బస్తాలకు, కొబ్బరిడొక్కలకు నీడ అయినది.

కోనసీమలో ఒక రైతింట ఇటీవల ఈ ప్రశ్నే వచ్చినది. ఇంటి పెద్దకు ఎనుబదేండ్లు దాటినవి. కుమారునికి చావిడి ఉన్న స్థలంలో రెండు గదులు కావాలి. పొక్లెయిన్ యజమాని ఒకడు వచ్చి చూచి, పైసా పుచ్చుకోకుండా ఒక్కపూటలో నేలమట్టం చేసిపెడతాననీ, ఉన్న సరుకంతా తానే తోలుకొని పోతాననీ అన్నాడు. కుమారునికి అది లాభసాటి బేరంగానే తోచినది. కూలిరేట్లు తెలిసిన వారెవరూ అతనిని తప్పుపట్టరు. పెద్దాయన మాత్రం వడ్రంగిని పిలిపించి, “ఏమయ్యా, దూలం ఒక్కసారి చూడు, తరువాత మావాడికి ఏం చెప్పాలో నీవే చెప్పు” అన్నాడు.

వడ్రంగి నిచ్చెన వేసుకొని ఎక్కి, మసి తుడిచి, చేతి గొడ్డలి మడమతో దూలాన్ని ఆ కొసనుండి ఈ కొసదాకా తట్టుకుంటూ పోయినాడు. చెద తొలిచిన కొయ్య డొల్లగా పలుకుతుంది, చేవగలది ఖంగుమంటుంది. తరువాత కుమారుని పైకి రమ్మని, దూలం పక్కన వరుసగా ఉన్న ఖాళీ బెజ్జాలను చూపించినాడు. వానిలో ఏ కుసీ లేదు. ఈ చావిడి వాసాలకు వానితో సంబంధమే లేదు. “బాబూ, ఇది ఇక్కడికి రాకముందు ఇంకో కప్పు మోసిన దూలం” అన్నాడు. అది తన తాతగారి పెంకుటింటిదని, తన తండ్రి ఆ ఇల్లు విప్పి తెచ్చి ఇక్కడ ఎక్కించినాడని పెద్దాయన అప్పుడు చెప్పినాడు. అంతవరకు ఇంట ఎవరికీ ఆ సంగతి తెలియదు. పొక్లెయిన్ ఆ రోజు రాలేదు.

డెల్టాలో టేకు అడవులు లేవు. పూర్వం టేకు కావాలంటే ఎగువ అడవులలో నరికి, తెప్పలు కట్టి, గోదావరిలో వదలి రాజమహేంద్రవరానికి తెచ్చేవారు. అంత దూరం వచ్చిన కొయ్యను ఒక తరంతో పారవేయటం ఎవరి తరం? కనుక టేకు దూలానికి, స్థానికంగా దొరికే తాటి వాసాలు. ముదురు తాటిచెట్టులో పైచుట్టున ఉండే నల్లని చేవయే వాసమవుతుంది. లోని మెత్తని బొండు పనికిరాదు.

విప్పే పని కట్టిన వరుసకు తలక్రిందులుగా నడుస్తుంది. మొదట అటక. ఈ చావిడి అటకమీద కాడి, మేడి, అరిగిన కర్రు, రెండు చిక్కాలు, మువ్వలపట్టెడ, గొడ్లకు మందుపోసే వెదురుగొట్టం దొరికినవి. వానితోబాటు రెండు తేళ్లును. తరువాత కప్పు. దీనిమీద ఉన్నది బంగాళాపెంకు. ఒకదాని గాడిలో మరొకటి కూర్చుండేది కనుక మేకు పీకే శ్రమ లేదు; మనుషులు వరుసగా నిలిచి చేతులు మార్చుకుంటూ దింపవచ్చును. కొన్నిచోట్ల ఇటువంటి పెంకులపై ‘1865’ అనే అంకె చూచి, అవి ఆనాటివేనని మురిసిపోయేవారున్నారు. బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల కర్మాగారం పెట్టిన సంవత్సరమది. పెంకు కాలినది ఎన్నో దశాబ్దాల తరువాత కావచ్చును. పగిలిన పెంకులను కూడ పారవేయనక్కరలేదు. దంచి సున్నంలో కలిపితే సుర్కీ అవుతుంది. సిమెంటు రేకుల కప్పు అయితే మాత్రం సంగతి వేరు. వానిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. పగులగొడితే లేచే సన్నని పీచు ఊపిరితిత్తులకు హాని. తడిపి, విరగకుండా దింపి, మరల దేనికీ వాడకుండటం మేలు.

వాసాలు దిగిన తరువాత దూలం, ఆపైన నిట్రాళ్లు. నిట్టనిలువుగా నిలిచి కప్పు మోసే ఈ స్తంభం పేరు నేటి పిల్లలకు తెలియదు. వస్తువు పోతే మాట నిలుస్తుందా? గోష్ఠి మాత్రం నిలిచినది. ఆవులు నిలిచే చోటు గోష్ఠము. పండితులు కూడే సభకు ఆ శబ్దం నుండే పేరు వచ్చినది. సాహిత్యగోష్ఠులలో కూర్చుండే మనలో ఎందరికి ఆ పేడవాసన స్ఫురిస్తుందో!

నిట్రాళ్ల మొదళ్లు భూమిలో మూరెడు మేర పుచ్చిపోయి ఉన్నవి. అంతమేర కోసివేయగా మిగిలినవి ద్వారబంధాలకు సరిపోయినవి. గోడల దగ్గర మరల తగాదా వచ్చినది. ఇటుకలు సున్నంతో కట్టినవి. తాపీ అంచుతో తట్టితే చక్కగా ఊడి వచ్చినవి. సిమెంటుతో కట్టినవైతే అతుకు వదలకముందే ఇటుక పగిలేది. ఊడినవన్నీ గదులకే పెట్టుదామన్నాడు కుమారుడు. తాపీమేస్త్రి ఒప్పుకోలేదు. “మోకాలెత్తు దాకా ఉన్న ఇటుక ఇంట్లో పెట్టకండి బాబూ. పంచితం తాగిన ఇటుక, ఎంత పూత వేసినా రాలుస్తుంది” అన్నాడు. అతడన్నది నిజం. ఏండ్ల తరబడి ఇంకిన లవణాలు చెమ్మ తగిలినప్పుడెల్లా గోడపైకి తెల్లగా పొంగి సున్నాన్ని పెళ్లలుగా ఊడదీస్తవి. పై వరుసల ఇటుకలు గదులకు, క్రింది వరుసలవి పెరటిబాటకు వెళ్లినవి.

దూలం సంగతి చివరకు తేలినది. కొత్త గదులకు శ్లాబు వేస్తున్నారు. దూలానికి అక్కడ పని లేదు. కోసి మంచం, తలుపులు చేయిద్దామన్నాడు కుమారుడు. ముసలాయన చాలాసేపు పలుకలేదు. కోయవద్దని అంటాడనే అందరూ అనుకొన్నారు. “బెజ్జాలున్న ముక్క మాత్రం వేరుగా తీయించు, దాన్ని వీధి అరుగు మీద బల్లగా వేయించు” అన్నాడు.

మిగిలినది నేల. పశువులు కట్టిన నేలలోని మన్ను నత్రజనితో నిండి ఉంటుంది. పూర్వం సురేకారం తీసింది ఇటువంటి మట్టినుండియే. జానెడు లోతు త్రవ్వి ట్రాక్టరు తొట్టికెత్తినారు. మూడు తొట్లు నారుమడికి, ఒకటి కొబ్బరిమొక్కల మొదళ్లకు పోయినవి.