చెమటకాయలు ఎందుకు పేలుతాయి?

పిల్లలూ, వేసవి వచ్చిందంటే భద్రాచలం అడవుల అంచున వుండే వూళ్ళలో జనం తెల్లవారకముందే తునికాకు కోతకు బయలుదేరతారు. కోసిన ఆకును ఇంటికి తెచ్చి, 50 ఆకులకొక కట్ట చొప్పున కడతారు. ఒంటిమీది బట్టలు చెమటతో తడిసి ముద్దయిపోతాయి. నాలుగు రోజులు ఇలా గడిచేసరికి మెడమీదా, వీపుమీదా ఆవగింజలంత ఎర్రని పొక్కులు లేస్తాయి. సూదులతో గుచ్చినట్టు చురుక్కుమంటాయి. ఇవే చెమటకాయలు. మామిడిపళ్ళు తిని వేడిచేసిందని కొందరంటారు గాని, తప్పు మామిడిపండుది కాదు.

మీ ముంజేతిని తడిచేసి దానిమీద ఊదండి. చల్లగా వుంది కదూ? నీరు ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. చెమట చేసే పని కూడా ఇదే. మన చర్మంలో ఇరవై లక్షలకు పైగా చెమట గ్రంథులున్నాయి. ఒక్కొక్క దానినుంచి సన్నని గొట్టం పైకి వస్తుంది.

చెరువు తూము పూడిపోతే ఏమవుతుంది? నీరు గట్టులోకి వూరుతుంది. అలాగే, చెమట ఆరకుండా చర్మం నానితే ఆ గొట్టం నోరు మూసుకుపోతుంది. లోపలి చెమట చర్మంలోకే వూరి, పొక్కులు లేస్తాయి. గాలిలో తేమ ఎక్కువై ఉక్కపోసే రోజుల్లో ఈ బాధ మరీ ఎక్కువ. పసిపాపలకు ఈ గొట్టాలు ఇంకా పూర్తిగా ఎదగవు. అందుకే వాళ్ళకు త్వరగా పేలతాయి.

మరి మందేమిటి? చల్లని నీళ్ళతో స్నానం చేసి, రుద్దకుండా ఒళ్ళు అద్దుకోండి. వదులుగా వుండే నూలుబట్టలు కట్టుకుని, గాలి తగిలేచోట కూర్చోండి. దురద మరీ ఎక్కువైతే కాలమిన్ లోషన్ రాయవచ్చు. నూనె పూయటం, పౌడరు దట్టించటం మంచివి కావు. మూసుకున్న దారిని అవి ఇంకా మూస్తాయి. గోళ్ళతో గీరితే పుండ్లవుతాయి. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి.

ఒకమాట గుర్తుంచుకోండి. ఒళ్ళంతా చెమటకాయలు పేలితే చెమట సరిగా బయటికి రాదు, ఒళ్ళు చల్లబడదు. అలాంటప్పుడు ఎండలో తిరిగితే వడదెబ్బ తగలవచ్చు. తల తిరిగినా, వాంతి వచ్చేట్టున్నా వెంటనే నీడకు చేరి, నీళ్ళు తాగి, పెద్దవాళ్ళకు చెప్పండి. ఇంట్లో చంటిపాప వుంటే, ఎండాకాలంలో దుప్పట్లు చుట్టవద్దని అమ్మకు చెప్పటం మీ వంతు.