ప్రోగ్రామ్ ముగియగానే నల్ల విండో ఎందుకు మూసుకుపోతుంది?

ప్రశ్న: రెండు సంఖ్యలు కూడే ప్రోగ్రామ్ సి భాషలో రాశాను. కంపైల్ అయిన ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే నల్ల విండో వచ్చి సంఖ్యలు అడుగుతోంది. రెండోది కొట్టి ఎంటర్ నొక్కగానే మూసుకుపోతోంది. జవాబు చూసే వీలే లేదు. ఎందుకిలా?

జవాబు: మీ ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు. లెక్క కట్టింది, జవాబు చూపింది, పని ముగించింది. అదంతా రెప్పపాటులో జరిగింది.

ఆ విండోను తెరిచేదీ మూసేదీ విండోస్. దాన్ని వాడుకుంటున్న ప్రోగ్రాముల్లో ఆఖరిది ముగిసేదాకా తెరిచి ఉంచుతుంది. డబుల్ క్లిక్ చేసినప్పుడు మీ ప్రోగ్రామ్ కోసమే కొత్త విండో తెరుచుకుంటుంది. అందులో ఉన్నది అదొక్కటే కనుక, అది ముగిస్తే విండోకు పని లేదు. అదే ప్రోగ్రామ్‌ను కమాండ్ ప్రాంప్ట్ నుంచి నడిపితే, ఆ విండోలో కమాండ్ ప్రాంప్ట్ ముందే ఉంది. మీ ప్రోగ్రామ్ ముగిసినా అది ఉంటుంది. విండో నిలుస్తుంది, జవాబూ నిలుస్తుంది.

మరి ఎలా నడపాలి?

ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ తెరవండి. పైనున్న అడ్రస్ బార్‌లో సి, ఎం, డి అక్షరాలు టైపు చేసి ఎంటర్ నొక్కితే అక్కడే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో ప్రోగ్రామ్ పేరు కొట్టండి. విజువల్ స్టూడియోలో అయితే కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి.

చివర గెట్‌చార్ పెట్టి, ఎంటర్ నొక్కేదాకా విండోను ఆపితే చాలదా?

చాలామంది చేసేది అదే, చాలాసార్లు దెబ్బతినేదీ అక్కడే. స్కాన్‌ఎఫ్ సంఖ్యను మాత్రమే తీసుకుంటుంది. మీరు నొక్కిన ఎంటర్ ఇంకా వరుసలో మిగిలే ఉంటుంది. గెట్‌చార్ దాన్ని అందుకుని, మీ కోసం ఆగకుండానే ముగుస్తుంది. గెట్‌చ్ వాడితే ఈ చిక్కు రాదు గానీ, అది సి ప్రమాణంలో లేదు. టర్బో సితో నేర్చుకున్నవాళ్లకు అది అలవాటు. అక్కడ అవసరం వేరు: ప్రోగ్రామ్ ముగియగానే టర్బో సి మళ్లీ ఎడిటర్ చూపిస్తుంది, ఫలితం వెనక తెరలో ఉండిపోతుంది. ఆల్ట్, ఎఫ్5 నొక్కితే అది కనిపిస్తుంది.

ఇంకో చిక్కుంది. ప్రోగ్రామ్ మధ్యలోనే కూలిపోతే చివరి వరుసదాకా రానే రాదు. పైథాన్‌లో చివర ఇన్‌పుట్ అని రాసినా అంతే. ఏం తప్పు జరిగిందో తప్పక చదవాల్సిన సమయంలోనే విండో పోతుంది. రాత్రిపూట దానంతటదే నడవాల్సిన ప్రోగ్రామ్ అయితే, ఎవరూ నొక్కని మీట కోసం తెల్లవార్లూ ఆగిపోతుంది.

కమాండ్ ప్రాంప్ట్ తెలియనివాళ్లకు ప్రోగ్రామ్ ఇవ్వాలంటే?

చిన్న బ్యాచ్ ఫైలు రాసి ప్రోగ్రామ్‌తోపాటు ఇవ్వండి. మొదటి వరుసలో ప్రోగ్రామ్ పేరు, రెండో వరుసలో పాజ్ ఆదేశం. వాళ్లు బ్యాచ్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే చాలు. ప్రోగ్రామ్ సరిగా ముగిసినా, మధ్యలో కూలిపోయినా, ఏదో ఒక మీట నొక్కేదాకా విండో ఉంటుంది. ప్రోగ్రామ్‌లో మాత్రం ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఆగే పని ప్రోగ్రామ్‌ది కాదు, దాన్ని నడిపే చోటుది. మొదటి ప్రోగ్రామ్ నుంచే ఈ తేడా పాటిస్తే, రేపు అదే కోడ్ ఎక్కడ నడిపినా ఇబ్బంది పెట్టదు.