సూక్ష్మకాలమాపక యంత్రములలో విద్యుత్ సరఫరా రొద

పూర్వము తెలుగుదేశమున కాలమును కొలుచుటకు గడియకుడుక వాడుకలో నుండెను. అడుగున సన్నని బెజ్జము గల రాగిగిన్నెను నీటితొట్టిలో విడువగా, అది నిండి మునుగుటకు పట్టెడి కాలము ఒక గడియ. అనగా 24 నిమిషములు. గడియారమను మాటలో ఆ గడియ నేటికిని నిలిచియున్నది. బెజ్జమును ఎంత కొలతగా తీర్చినను, తొట్టిలోని నీరు కదలుచున్నచో గిన్నె మునుగుట క్రమము తప్పును. నేటి సూక్ష్మకాలమాపక యంత్రములకును ఇట్టి చిక్కే కలదు. వానికి విద్యుత్ సరఫరాయే ఆ తొట్టి నీరు.

1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు మారిసన్, హార్టన్ అనువారు క్వార్ట్జ్ స్ఫటికముతో నడచు మొదటి గడియారమును నిర్మించిరి. స్ఫటికపు కంపనము మిక్కిలి నిలకడ గలది. అయినను దానిని కంపింపజేయు వలయమునకు వోల్టేజి కావలెను. ఆ వోల్టేజి చలించినచో కంపనవేగమును లేశమాత్రము చలించును. ఇట్టి కోరని చలనమునే శాస్త్రజ్ఞులు రొద యందురు. ఇది చెవికి వినబడునది కాదు.

ఈ రొద పుట్టుచోట్లు పెక్కులు. మన దేశమున సరఫరా యగు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. రెండు అర్ధతరంగములను వాడుకొను రెక్టిఫైయరు దానిని ఏకముఖము చేయునపుడు 100 ఆవృత్తుల అల మిగులును. స్విచింగ్ సరఫరాలు వేలకొలది, లక్షలకొలది ఆవృత్తుల అలలను పుట్టించును. వోల్టేజిని స్థిరపరచు రెగ్యులేటరునకు సైతము స్వంత రొద కలదు.

దీనివలన హాని రెండు విధములు. వోల్టేజి నెమ్మదిగా జరిగినచో తప్పు కూడుచు పోవును. కంపనవేగము నూఱుకోట్లలో ఒక పాలు తప్పినను, దినమునకు 86.4 మైక్రోసెకనుల తేడా వచ్చును. కాంతి ఒక్క మైక్రోసెకనులో సుమారు 300 మీటర్లు పోవును గనుక, రేడియో సంకేతముల రాకకాలమునుబట్టి దూరమును గణించువారికి ఇది స్వల్పము కాదు. వేగముగా వచ్చు అల యన్ననో, దినమంతటి మీద సరిపడిపోవును గాని, ఒక్కొక్క కంపనమును ముందువెనుకలు చేయును.

ఈ రెండవ హాని పరమాణు గడియారములను గూడ విడువదు. 1967 నుండి సెకను, సీసియం పరమాణువునకు సంబంధించిన 9,192,631,770 ఆవృత్తులచే నిర్వచింపబడినది. సెకనుకు కోటి ఆవృత్తుల స్ఫటికమును ఆ స్థాయికి తెచ్చుటకు సుమారు 919 రెట్లు హెచ్చింపవలెను. అపుడు దశారొద యొక్క శక్తి 8 లక్షల రెట్లకు పైగా పెరుగును. పరమాణువు స్ఫటికపు మెల్లని తప్పును దిద్దగలదు; వేగమైన రొదను దిద్దజాలదు.

నివారణోపాయములు సులభములే. డోలకమునకును, లెక్కించు వలయములకును వేర్వేరు రెగ్యులేటరులుండవలెను. డోలకపు తీగలో 100 ఓముల నిరోధమును, 1,000 మైక్రోఫారడుల కండెన్సరును చేర్చినచో 100 ఆవృత్తుల అల సుమారు 63వ వంతునకు తగ్గును. అయితే 5 మిల్లీ ఆంపియరుల ప్రవాహమునకే అర వోల్టు నష్టమగును. కావున స్ఫటికమును వెచ్చగా నుంచు ఓవెనునకు వేఱు తీగ నీయవలెను.

దోషమెచ్చటిదో తెలియుటకు మొదట యంత్రమును బ్యాటరీపై నడపి చూడవలెను. రొద అణగినచో దోషము సరఫరాది. అణగక, దాపున నున్న ట్రాన్స్‌ఫార్మరును ఆపినంతనే అణగినచో, రొద తీగవెంట గాక అయస్కాంతక్షేత్రము ద్వారా వచ్చుచున్నదని గ్రహింపవలెను. అపుడు ఎన్ని కండెన్సరులు చేర్చినను ఫలముండదు; ట్రాన్స్‌ఫార్మరును దూరముగా జరుపుటయే తగిన చికిత్స. స్ఫటికమును మార్చుటకు ధనము వెచ్చించుటకు ముందే ఈ పరీక్ష జరుపుట మేలు.