కండె మార్చే మగ్గం

సూరత్‌లో మన తెలుగు నేతగాళ్లు దశాబ్దాలుగా నడిపిన సాదా మరమగ్గానికి మోటారు ఉంటుంది, పట్టాలు ఉంటాయి, నాడెను అటూ ఇటూ విసిరే కర్రలు ఉంటాయి. ఒక్క భాగం మాత్రం ఉండదు. నాడెలో నూలు అయిపోయినప్పుడు కొత్త కండె పెట్టే భాగం. ఆ పని మనిషిది. మగ్గం ఆపుతాడు, నాడె తీస్తాడు, ఖాళీ కండె లాగేసి నిండు కండె బిగిస్తాడు, దారం కొసను నాడె కంట్లోంచి బయటికి తెస్తాడు, మళ్లీ మగ్గం నడిపిస్తాడు. చేయి తిరిగినవాడికి ఇదంతా కొన్ని సెకన్ల పని.

ఆ కొన్ని సెకన్లు రోజంతా కలిపితే ఎంతవుతాయో ఒక లెక్క వేద్దాం. కండె మీద 1000 మీటర్ల నూలుందనుకుందాం. బట్ట పన్నా మీటరు, మగ్గం నిమిషానికి 160 పేక పోగులు వేస్తుంది. ఆరు నిమిషాలు దాటగానే కండె ఖాళీ. నేతగాడి చేతి కింద నాలుగు మగ్గాలుంటే నిమిషంన్నరకు ఒకసారి ఏదో ఒక మగ్గం అతన్ని పిలుస్తుంది. సూరత్‌లో మామూలుగా నడిచే 12 గంటల షిఫ్టులో అది 460 సార్లు. నూలు సన్నమైతే కండె ఎక్కువసేపు వస్తుంది, లావైతే ఇంకా ముందే అయిపోతుంది. ఈ మధ్యలో తెగిన పడుగు పోగులు ముడివేయడం, బట్టలో లోపాలు చూసుకోవడం వేరే పనులు.

ఈ కండె మార్చే పనిని యంత్రానికి అప్పగించడం ఎలాగో కనిపెట్టిన మనిషి జేమ్స్ హెన్రీ నార్త్రప్. 1856లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, కీత్‌లీ అనే నేత ఊళ్లో పుట్టాడు. 1881లో అమెరికా వెళ్లి, మసాచుసెట్స్ రాష్ట్రం హోప్‌డేల్‌లో డ్రేపర్ కంపెనీలో మెకానిక్‌గా చేరాడు. మిల్లు యంత్రాలకు విడిభాగాలు, మెరుగులు అమ్ముకునే కంపెనీ అది. అక్కడ చిన్న చిన్న పరికరాలు చేసి మంచి పేరు తెచ్చుకున్నా, విసుగొచ్చి వదిలేసి కోళ్ల పెంపకం పెట్టాడు. అందులో బతుకు గడవక మళ్లీ పనిలోకి వచ్చాడు.

అప్పుడు కంపెనీలో అలొంజో రోడ్స్ అనే అతను నాడెను దానంతటదే మార్చే మగ్గం తయారుచేసి పరీక్షిస్తున్నాడు. నార్త్రప్ దాన్ని చూసి, తనకు అవకాశమిస్తే వారంలో ఇంతకంటే మంచిది చేస్తానని, దానికి డాలరు కంటే ఎక్కువ ఖర్చు కాదని అన్నాడు. 1889 మార్చిలో తన కోళ్ల గూట్లో నిలబెట్టిన చెక్క నమూనాను కంపెనీ పెద్దలకు చూపించాడు. వాళ్లకు నచ్చింది, చోటిచ్చి పని చేసుకోమన్నారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ ఆలోచన మిల్లులో నిలవదని తేల్చిందీ నార్త్రప్పే. కొత్తది మొదలుపెట్టాడు. ఆ అక్టోబరుకల్లా ఫాల్ రివర్‌లోని సీకోనెట్ మిల్లులో అతని మగ్గం బట్ట నేస్తోంది.

కానీ అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. నాడె మొత్తాన్ని మార్చడం ఎందుకు, లోపలి కండెను మాత్రం మారిస్తే చాలదా? వినడానికి తేలికగా ఉంది. నాడె మగ్గంలోనే ఉండగా, మగ్గం ఆగకుండా, దాని పొట్టలోని కండె మారాలి. నిమిషానికి 160 పోగుల వేగంలో ఒక్కో పోగుకు దొరికేది సెకనులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. అందులోనూ నాడె మగ్గం ఒక చివరనున్న పెట్టెలో నిలబడి ఉండే క్షణమే పనికొస్తుంది.

నార్త్రప్, అతనితో పనిచేసిన డ్రేపర్ మెకానిక్కులు ఈ చిక్కును విప్పిన తీరు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది. మగ్గం ఒక పక్కన గుండ్రంగా తిరిగే చట్రం పెట్టారు. అందులో పాతిక దాకా నిండు కండెలు వరసగా పట్టి ఉంటాయి, వాటి దారం కొసలు చట్రం మధ్యలో కట్టి ఉంటాయి. నాడె పైనా కిందా తెరిచి ఉంటుంది. లోపల కండెను పట్టుకునేవి రెండు స్ప్రింగు దవడలు. కండె మొదట్లో తొడిగిన ఉక్కు ఉంగరాలు ఆ దవడల గాడుల్లో కూర్చుంటాయి. పేక తెగినా, అయిపోయినా ఒక చిన్న లోహపు ఫోర్కు కనిపెడుతుంది. వెంటనే ఒక సుత్తి నిండు కండెను పై నుంచి నాడెలోకి గుద్దుతుంది. ఆ దెబ్బకు ఖాళీ కండె కింది నుంచి జారి డబ్బాలో పడుతుంది. సుత్తికి వేరే మోటారు లేదు. పేకను బట్ట అంచుకు గుద్దడానికి మగ్గంలో ఊగే భాగం ఎలాగూ ముందుకు వస్తుంది, ఆ ఊపునే సుత్తి అరువు తెచ్చుకుంటుంది. మగ్గం ఆగదు.

ఇంకో చిక్కు మిగిలింది. కొత్త కండె దారం నాడె కంట్లోకి ఎవరు ఎక్కిస్తారు? కంటిని గుండ్రటి రంధ్రంలా కాకుండా పై నుంచి సన్నని చీలికతో చేశారు. నాడె మొదటిసారి అవతలికి దూసుకుపోతుంటే దారం తనంతట తానే ఆ చీలికలోకి జారుతుంది. తిరిగి వచ్చేటప్పుడు లోపలి కొక్కెం కిందికి చేరి స్థిరపడుతుంది. రెండు ప్రయాణాల్లో పని పూర్తి. నా మటుకు ఈ యంత్రంలో అన్నిటికంటే గొప్ప భాగం ఈ చీలికే, ఎందుకంటే అది మనుషుల ఊపిరితిత్తులను కూడా కాపాడింది. అంతకుముందు మిల్లుల్లో నేతపని చేసే ఆడవాళ్లు నాడె కంటికి నోరు ఆనించి గాలి పీల్చి దారం బయటికి లాగేవాళ్లు. ఒకే నాడె చాలామంది నోళ్లకు తగిలేది. నూలు దుమ్ము, గంజి లోపలికి పోయేవి, రోగాలు అంటుకునేవి. మసాచుసెట్స్ 1911లో ఈ పీల్చే నాడెలను చట్టం చేసి నిషేధించింది. బ్రిటన్‌లో నిషేధానికి 1952 దాకా పట్టింది.

కండె తనంతట తానే మారుతున్నా, పడుగు పోగు తెగితే మగ్గం గుడ్డిగా నేస్తూనే పోతుంది. అందుకని ప్రతి పడుగు పోగు మీదా ఒక పల్చటి ఉక్కు రేకు వేలాడదీశారు. పోగు తెగితే రేకు కిందపడుతుంది, మగ్గం ఆగుతుంది. ఇది కుదిరాకే నార్త్రప్ మగ్గం నిజంగా అమ్మకానికి పనికొచ్చింది. 1894 నుంచి డ్రేపర్ కంపెనీ దాన్ని పెద్ద ఎత్తున తయారుచేసింది. ఎనిమిది సాదా మగ్గాలు చూసే నేతగాడు ఇప్పుడు పదహారు, కొన్నిచోట్ల ఇరవైకి పైగా చూడగలిగాడు. 1914 నాటికి అమెరికాలోని మగ్గాల్లో 40 శాతం నార్త్రప్‌వే. ఆయన మాత్రం 1898లోనే, నలభై రెండేళ్లకు, పని మానేసి కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. 1940లో అక్కడే చనిపోయాడు.

అదే 1914లో బ్రిటన్ మగ్గాల్లో నార్త్రప్ వాటా 2 శాతం. నార్త్రప్ పుట్టిన దేశం అది, ప్రపంచానికి బట్ట అమ్మే దేశం అది. 1902లోనే లాంకషైర్ ప్రాంతంలోని బ్లాక్‌బర్న్‌లో నార్త్రప్ మగ్గాల కంపెనీ కూడా వచ్చింది. అయినా ఎవరూ పెద్దగా కొనలేదు. మగ్గం చాలా ఖరీదు. పైగా లాంకషైర్‌లో తరతరాలుగా నేత తెలిసినవాళ్లు వీధికి వందమంది. అమెరికా దక్షిణాదిలో కొత్తగా లేచిన మిల్లులకు దొరికింది పొలాల నుంచి వచ్చిన, మగ్గం ముఖం చూడని జనం. వాళ్లకు లేని నైపుణ్యాన్ని మిల్లు యజమానులు యంత్రం రూపంలో కొనుక్కున్నారు. నేర్పు ఉన్నచోట ఆ ఖర్చు పెట్టాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు.

జపాన్‌లో ఈ కథ మరోలా నడిచింది. వడ్రంగి కొడుకు సాకిచి టొయోడా నాడె మార్చే తన సొంత మగ్గాన్ని 1924లో పూర్తిచేశాడు. 1929లో దాని హక్కుల కోసం ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. టొయోడా కుటుంబమే తర్వాత మోటారు కార్ల తయారీలోకి దిగి టయోటా అయింది.

మన దగ్గరికొస్తే, ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ బట్టల వ్యాపారం కోసం కాలుమోపిన తొలి చోట్లలో 1611లో మచిలీపట్నం, 1613లో సూరత్ రెండూ ఉన్నాయి. మూడు శతాబ్దాల తర్వాత రేయాన్ దారం దిగుమతి అయ్యాక సూరత్ పట్టు, జరీ నేతగాళ్లు మరమగ్గాల వైపు తిరిగారు. స్వాతంత్ర్యం వచ్చాక చేనేతను కాపాడాలన్న ఉద్దేశంతో ప్రభుత్వం 1956లో మిల్లులు కొత్త మగ్గాలు పెంచుకోకుండా ఆపింది. చేనేతకు దక్కాల్సిన ఆ చోటును చిన్న చిన్న షెడ్లలోని మరమగ్గాలు ఆక్రమించాయి. 1982 బొంబాయి మిల్లుల సమ్మె తర్వాత నేత ఇంకా వేగంగా భివండికి, సూరత్‌కు తరలింది. 1985 జౌళి విధానం మిల్లుకూ మరమగ్గానికీ మధ్య తేడా తీసేసింది. ఇలా పెరిగిన షెడ్లలో ఎక్కువగా నిలబడ్డది నార్త్రప్ మగ్గం కాదు. 1840ల్లో బ్లాక్‌బర్న్‌లో కెన్‌వర్తీ, బులో రూపుదిద్దిన లాంకషైర్ మగ్గం వారసులు. అంటే నార్త్రప్ పుట్టకముందు నాటి యంత్రం.

ఆ మగ్గాల ముందు నిలబడ్డవాళ్లలో ఒడిశా గంజాం నుంచి వచ్చినవాళ్లున్నారు, మహారాష్ట్ర వాళ్లున్నారు, మన వాళ్లున్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల్లో చేనేతకు గిరాకీ పడిపోయాక పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భివండి, సూరత్ దారి పట్టాయి. సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు వీధుల భాష అయింది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపింది. సిరిసిల్లలో సాంచా అన్నదాన్ని సూరత్‌లో లూమ్ అన్నారు, కార్ఖానా ఖాతా అయింది, కూలీ మీటరు లెక్కన వచ్చింది.

ఈ మనుషులు నేత కొత్తగా నేర్చుకున్నవాళ్లు కాదు. పోగు బిగువు వేలితో తెలిసినవాళ్లు, నాడె చప్పుడు మారితే ఏ భాగం అరిగిందో చెప్పగలవాళ్లు. సూరత్ షెడ్లలో నార్త్రప్ పరికరం చేయాల్సిన పనిని వీళ్లే చేశారు. వాళ్లకు అంత నేర్పు ఉండబట్టే యజమానికి ఆ పరికరం అక్కరలేకపోయింది. ఆ నేర్పు లేని అమెరికా రైతు బిడ్డల కోసం లక్షల డాలర్ల యంత్రాలు వచ్చాయి. ఉన్న మనవాళ్లకు మీటరుకు ఇన్ని పైసలు వచ్చాయి. యంత్రాల చరిత్ర రాసేటప్పుడు మనం కనిపెట్టినవాడి తెలివి గురించి ఎక్కువ రాస్తాం. ఒక యంత్రం ఎక్కడ ఆగిపోయిందో, అక్కడ దాని బదులు ఎవరు నిలబడ్డారో కూడా రాయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నాడెకు మాత్రం కాలం చెల్లుతోంది. కారణం బరువు. వంద డెనియర్ పాలియెస్టర్ దారం 9000 మీటర్లు 100 గ్రాములు తూగుతుంది. అంటే మీటరు దారం బరువు గ్రాములో నూరో వంతుకు కాస్త ఎక్కువ. దాన్ని అవతలికి చేర్చడానికి అరకిలో దాకా తూగే చెక్క నాడెను విసిరి, ఆపి, తిరిగి విసరాలి. కరెంటులో చాలా భాగం ఆ విసరడానికీ ఆపడానికీ పోతుంది. మనుషుల చెవులను దెబ్బతీసే మోత పుట్టేదీ అక్కడే. 1950ల్లో చెకొస్లొవేకియాలో వ్లాదిమీర్ స్వతీ నాడెను పూర్తిగా తీసేసి, గాలితోనూ నీటి ధారతోనూ దారాన్ని అవతలికి పంపే మగ్గాలు చేశాడు. నీటి మగ్గం నీరు పీల్చని దారానికే బాగా పనికొస్తుంది. పాలియెస్టర్, నైలాన్ అలాంటివే, సూరత్ నేసేదీ వాటినే. అందుకే ఈ మగ్గాలు సూరత్‌లో వేలల్లో వచ్చాయి. పేక దారం పెద్ద కోను నుంచి నేరుగా వస్తుంది కనుక కండె అనేదే లేదు. నార్త్రప్ అంత శ్రమపడి పరిష్కరించిన సమస్య ఇక్కడ పుట్టనే పుట్టదు. కండెలు చుట్టే పని కూడా పోయింది. చాలా నేత కుటుంబాల్లో ఆడవాళ్లకు నాలుగు డబ్బులు తెచ్చింది ఆ పనే.

నేతగాళ్ల ఇంట్లోంచే పుట్టిన యంత్రం ఒకటి మనకుంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పడానికి, తల్లి లక్ష్మి చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పి భుజం నొప్పితో బాధపడటం చూసి, 1992 నుంచి 1999 దాకా కుస్తీ పట్టి ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ యంత్రం నొప్పిని తీసేసింది, నేత మాత్రం నేతగాడి చేతిలోనే ఉండిపోయింది.

అదే 2017లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగింది. సూరత్, భివండి, షోలాపూర్ వెళ్లిన నేతగాళ్లను వెనక్కి రప్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటని అప్పుడు ప్రభుత్వం చెప్పింది. అలా వచ్చేవాళ్లకు సాదా మగ్గం మీద వచ్చిన నేర్పు కొత్త మగ్గాల దగ్గర సగమే ఉపయోగపడుతుంది. పడుగు ఎక్కించడం, తెగిన పోగు పట్టుకోవడం, బట్టలో లోపం గుర్తించడం పనికొస్తాయి. సెన్సర్లు, నీటి పంపులు, కంప్యూటర్ పలకల పని నేర్చుకోవాలి. సూరత్‌లో ఇప్పటికే కొందరు షెడ్లలో పని చేస్తూనే అది నేర్చుకున్నారు. పార్కు కట్టేవాళ్లు స్థలం, కరెంటు, రాయితీల లెక్కతో పాటు ఈ శిక్షణ లెక్క కూడా వేయాలి. శిక్షణ పొందే నెలల్లో ఆ కుటుంబం ఎలా గడవాలో కూడా అందులో రాసుకోవాలి.